కిలో ఎనిమిది వందల గ్రాములు

చాదర్‌ఘాట్ వంతెన దిగినంక ఎడమచేతి దిక్కు
పాత ఇనుము కొనే దుకాణం నాది.
తూకం మీద బతుకు.
అందుకే అడిగిండు జుబేర్, ఫోన్ నా ముక్కు కింద పెట్టి:
"సేఠ్, వీళ్లిద్దరూ కొట్టుకోవాల్నా, వద్దా?"

ఇద్దరు జపానోళ్లు.
ఒకడు నవ్వితే బళ్లె లెక్కల సారు లెక్క ఉంటడు,
ఇంకొకడు అసలు నవ్వడు.
ఇద్దరి నడుముకూ బెల్టులు, తలుపు బిళ్లలంత.
ఇద్దరూ ఇప్పటిదాంక ఓడింది లేదు.
నడుమ తేడా కిలో ఎనిమిది వందల గ్రాములు.

అంతేనా?
అంతే సేఠ్.

నా కాంటా మీద అదెంతనో నాకు ఎరుకే.
మూత లేని పాత కుక్కర్.
పదిహేను రోజుల పేపర్లు, ఆదివారం పుస్తకాలు తీసేసి.
దానికోసం ఒకడు పైకి ఎక్కాలె, లేదా ఒకడు కిందికి దిగాలె.
ఎక్కేటోడు తింటే సరిపోతది.
దిగేటోని సంగతి తిన్నోళ్లకు తెల్వది.

కొట్టుకోవాలె అంటడు జుబేర్,
లేకుంటే ఎవడు పెద్దోడో ఎట్ల తెలుస్తది?
వాళ్లకు పొద్దుగూకితే మనకు మధ్యాహ్నం,
షట్టర్ సగం దించి చూద్దాం.
ఎదురుంగ ఇరానీ హోటల్ గల్లా మీద కూసున్న అబ్బాస్ అంటడు:
వద్దు. ఇద్దరు గెల్చేటోళ్లున్న దేశానికి
ఒక ఓడినోన్ని ఎందుకు తయారు చెయ్యాలె?
బిస్కెట్ ఇరిగి చాయ్‌ల పడ్డది. పంచాయితీ ఆగలే.

నేను కాంటా తుడుస్తున్న.

లాలాగూడల, రైల్వే గ్రౌండ్ పక్కన, రేకుల షెడ్డు.
సాల్మన్ సార్.
ఒక్కటే ఇసుక సంచి, దానికి ఇద్దరం: నేను, ఎల్లేశం.
ఒక్కటే జత గ్లవ్స్,
కుడిది నాకు, ఎడమది వానికి, మల్ల మార్చుకునుడు.
ఇద్దరం యాభై ఆరు కిలోలు, పావు అటో ఇటో.
జిల్లా పోటీలకు వారం ముందు సార్ చెప్పిండు:
"ఒక షెడ్డు పిల్లలు ఎదురుబొదురు నిలబడొద్దు.
ఎల్లేశం యాభై ఏడు. నువ్వు యాభై నాలుగు."
నేనే ఎందుకని అడగలే.

వాడు అరటిపండ్లు తిన్నడు.
నేను మే నెల ఎండల రెయిన్‌కోట్ తొడిగి
మౌలాలి గుట్ట దాంక ఉరికిన,
నోట్లె చింతగింజ పెట్టుకొని, ఉమ్ముకుంట,
ఆఖరికి ఉమ్మడానికి కూడ ఏం లేక.
రెండు కిలోలు పోయినయ్.
ఇద్దరికీ బంగారమే.
షెడ్డు గోడకు పక్కపక్కన ఇద్దరి ఫోటోలు.
సార్ మస్తు సంబురపడ్డడు, మిఠాయి పంచిండు,
అప్పుడు తిన్న నేను.

ముప్పై ఏండ్లు దాటింది.
పెండ్లిళ్లల్ల, దావతుల్ల, సార్‌ను మట్టి చేసిన్నాడు సైతం
ఎవడో ఒకడు అడుగుతడు: మీ ఇద్దర్ల ఎవడు గట్టోడు?
వాడు నన్ను చూపిస్తడు. నేను వాన్ని.
మర్యాద అనుకుంటరు జనం.
నిద్రల నా ఎడమ చెయ్యి
గడ్డం కాడికి పోతదంట, మా ఇంటామె చెప్పింది.
ఎవరో కొట్టబోతున్నట్టు.
ఎవరో ఆమె అడగలే, నేను చెప్పలే.

ఆ పిల్లగాండ్లకు ఏమని చెప్పాలె నేను?
కొట్టుకుంటే ఒక్క రాత్రిల అయిపోతది.
కొట్టుకోకుంటే...
జుబేర్, ఫోన్ లోపల పెట్టు, గిరాకి వచ్చింది.

ఎల్లేశమే. ఆటోది పాత బ్యాటరీ సంకల పెట్టుకొని.
మోకాలు పోయింది, అయినా మెట్టు ఎక్కుతుంటే
ఎడమ భుజమే ముందుకొస్తది వానికి, ఇప్పటికీ.
బ్యాటరీ పెట్టినం. ముల్లు తొమ్మిది కాడ ఆగింది.
పదకొండు అని రాసిన.
వాడు ముల్లును చూసిండు. నన్ను చూసిండు.
పైసలు లెక్కపెట్టకుండ జేబుల ఏసుకొని
"కాంటా బాగుచేయించుకోరా" అనుకుంట
నా భుజం తట్టుదామని చెయ్యి లేపిండు.

నాకు తెల్వకుండనే గడ్డం కాచుకున్న.